పదకొండు రోజుల చెంప

మాణిక్యాంబ మొహం మీద మంగు వచ్చి ఎనిమిదేళ్ళయింది. మంగు కూడా రాహువు లాంటిదే, మింగడం మొదలెట్టాక వదలడం దాని ఇష్టం. ముందు ముక్కుకి అటొకటీ ఇటొకటీ గోధుమరంగు చుక్కలుగా దిగింది. ఆనక చుట్టపక్కాలందర్నీ పిలిపించుకుని రెండు చెంపల మీదా స్థిరనివాసం ఏర్పరచుకుంది. మాణిక్యం తేనె రాసింది, పెరుగు రాసింది, శనగపిండి పట్టించింది, బంగాళాదుంప తరిగి రుద్దింది. "నా మొహం వేయించుకు తినడానికి పనికొస్తుందండీ, ఉప్పొక్కటే తక్కువ" అని భర్త సోమయాజులు దగ్గర నవ్వేది.

ఆ నవ్వు ఒక ఆదివారం, చుట్టాలింట ఓణీల వేడుకలో ఆగిపోయింది. అక్కడికి తోటికోడలు సుభాషిణి వచ్చింది. ఆవిడకి 'సు' పేరులోనే తప్ప నోట్లో లేదు. నూటయాభై మంది మధ్య చేతిరుమాలు చాపి, "అక్కా, చెంపలకి మసంటుకుంది, తుడుచుకో" అంది.

మాణిక్యం తుడుచుకుంది. అదే ఆమెకి మింగుడు పడలేదు. అది మసి కాదని తెలిసీ, అంతమందీ చూస్తున్నారు కదా అని, రుమాలు తీసుకుని మరీ తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు భానుమూర్తి దగ్గరికి వెళ్ళింది.

భానుమూర్తి ప్రయోగశాల కాకినాడలోనే, ఒక కాజాల కొట్టు మీద మేడలో. కింద పాకం, పైన పరిశోధన. రెండూ తీగసాగేవే. అతనికి నలభై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. "కాంతితో కాపురం చేస్తున్నాను" అంటే, "ఆ కాంతి ఎవర్తిరా, ఏ ఊరు?" అని ఆరా తీసిన పెద్దమ్మలున్నారు.

"రెండూ ఒకే రోజు కొన్నానక్కా" అంటూ అతను బల్ల మీద రెండు వంకాయలు పెట్టాడు. ఒకటి ముడతలు పడి, ఉద్యోగ విరమణ చేసిన చెప్పులా ఉంది. రెండోది ఇప్పుడే కోసినట్టు నిగనిగలాడుతోంది. "దీనికి నా లేజరు చూపించాను. ఆ కాంతి పడితే చర్మం గడియారం నెమ్మదిస్తుంది. మచ్చతో సహా పైపొర లేచిపోతుంది. కింద నుంచి వచ్చేది చాలా నిదానంగా ముదురుతుంది. నీకు ఎనభై వచ్చినా నీ చెంపలకి యాభై రెండే."

"పేరేం పెట్టావురా?"

"నిదానం. నిదానమే ప్రధానం అన్నారు కదా."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు" అంది మాణిక్యం. "మనుషుల మీద చూశావా, వంకాయల మీదేనా?"

"నామీదే చూసుకున్నాను. వీపు మీద. నాలుగు నెలలైంది, ఏ తేడా లేదు."

మాణిక్యం కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. తొమ్మిదీ నలభైకి మొదలెట్టి ఇరవై నిమిషాల్లో ముగించాడు. మంగు లోతుగా పాతుకుందని మోతాదు కాస్త పెంచాడు కూడా.

"చీమ కుట్టినట్టయినా లేదురా!" అందామె ఆశ్చర్యపోతూ.

భానుమూర్తి పొంగిపోయి తన పుస్తకంలో 'నొప్పి: శూన్యం' అని రాసుకున్నాడు. "మొహం ఎర్రబడుతుంది, కంగారు పడకు. పది రోజుల్లో మానిపోతుంది. ఎండలోకి వెళ్ళకు. పొయ్యి సెగ తగలనివ్వకు." లేజరు చూపించి దాచుకున్న నిగనిగలాడే వంకాయల్లో ఒకటి కానుకగా కూడా ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మొహం కందగడ్డ అయింది. మాణిక్యం అంటే కెంపు కదా, యాభై రెండేళ్ళకి పేరు సార్థకమైందన్నాడు సోమయాజులు. వెనక వసారాలో తులసిమాల తిప్పుకుంటున్న అత్తగారు భ్రమరాంబ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"మొహానికి సున్నం కొట్టించుకొస్తానని వెళ్ళి, ఎర్రమట్టి అలికించుకొచ్చిందిరా నీ పెళ్ళాం!"

భ్రమరాంబగారికి ఎనభై మూడేళ్ళు. మడి మనిషి. మిగతావాళ్ళ మడి మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది, ఆవిడ మడికి మాత్రం అస్తమయం లేదు. పొద్దున్న తడిపి ఆరేసిన చీర కట్టుకుంటే రాత్రి పక్క మీదికి చేరే దాకా ఎవరూ అంటుకోకూడదు. మాణిక్యం కాపురానికొచ్చి ఇరవై ఏడేళ్ళు. ఇన్నేళ్ళలో అత్తాకోడళ్ళ చేతులు ఒక్కసారి తగల్లేదు. కాఫీ గ్లాసు ఈమె నేల మీద పెట్టి వెనక్కి జరిగితే ఆవిడ ముందుకి జరిగి తీసుకునేది. పళ్ళూ పువ్వులూ ఆవిడ గడప మీద పెడితే ఈమె తీసుకునేది. దండం పెడితే దీవెన అక్షింతల రూపంలో గాల్లోంచి వచ్చేది. తగాదాలూ లేవు, తగలడాలూ లేవు.

ఆ రాత్రి గుత్తొంకాయ కూరలో భానుమూర్తి వంకాయ కూడా కలిసింది. లోపల గుజ్జు వెన్నలా ఉడికింది. తొక్క మాత్రం పచ్చిగా, నిగనిగలాడుతూ, పళ్ళకింద కిర్రుమంది.

"తొక్క ఉడకని వంకాయ పుట్టి బుద్ధెరిగి తిన్లేదు" అన్నాడు సోమయాజులు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక్కరైనా ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. అయినా వంకాయ మాట ఎవరు వింటారు?

పది రోజులైంది. ఎరుపు ఇసుమంత తగ్గలేదు. పైగా మొహం కడుక్కుంటే నీళ్ళు తడి అనిపించడం లేదు. చెయ్యి పెడితే చేతికి చెంప తెలుస్తోంది గానీ, చెంపకి చెయ్యి తెలియడం లేదు. 'మొద్దుబారిందేమోలే' అనుకుంది.

పదకొండో రోజు శుక్రవారం. వీధిలో బండి దగ్గర బెండకాయల తొడిమలు విరిచి చూస్తుండగా మాణిక్యం మొహానికి నిప్పంటుకుంది. నిప్పు లేదు, సెగ లేదు, మంట మాత్రం ఉంది. "అమ్మో, కాలిపోతున్నానే!" అంటూ కూలబడింది. బండివాడు గాభరాపడి కూరల మీద చల్లే నీళ్ళు మగ్గుతో మొహాన కొట్టాడు. ఆ నీళ్ళు మెడ మీదికి జారితే చల్లగా తగిలాయి, మొహం మీద అసలు తగల్లేదు. ఇరవై నిమిషాలు మండి, ఎవరో మీట నొక్కినట్టు ఆ భగభగ ఆగిపోయింది. ఇక మిగిలింది నివురు కింద నిప్పులాంటి సన్నటి మంట. అది ఆ రోజు నుంచీ ఆమెతోనే ఉండిపోయింది.

భానుమూర్తి పరిగెత్తుకొచ్చాడు.

"ఎన్నింటికక్కా మొదలైంది?"

"బండివాడి రేడియోలో పదీ ఇరవై అన్నాడు."

అతను పుస్తకం తీశాడు, వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"అది ఇవాళ్టి మంట కాదక్కా. ఆ సోమవారం నాది. నేను కాల్చిన కాలుపే. నీ చర్మం నుంచి నీ దాకా రావడానికి పదకొండు రోజులా నలభై నిమిషాలు పట్టింది."

"మరి నీ వీపుకి తెలియలేదేం?"

భానుమూర్తి పుస్తకం మూసేశాడు. "నామీద మోతాదు తక్కువ, కాలలేదు. పైగా నా వీపు మీద చెయ్యేసేవాళ్ళెవరున్నారక్కా? రోజూ అదే చొక్కా, అవే నీళ్ళు. పదకొండు రోజుల కిందటి నీళ్ళయితేనేం, ఇవాళ్టివైతేనేం, తేడా ఏం తెలుస్తుంది?"

"మరి ఈ ఎరుపో?" అన్నాడు సోమయాజులు. "మానదా?"

"మానుతుంది బావా. కానీ మానడం కూడా ఒక రకంగా ముదరడమే. గాయం మానాలంటే చర్మానికి రోజులు గడవాలి. నేను ఆ రోజుల్నే ఆపేశాను. ఎంతలేదన్నా... తొమ్మిదేళ్ళు."

మంగు మాయమైన మాట నిజం. అది తెలియాలంటే ముందు ఎరుపు మాయమవ్వాలి. లేజరు కాస్తా లేజీగారు అయి కూర్చుంది. చర్మానికి వైద్యం చేయించుకోబోతే కర్మానికి వైద్యం లేదని తేలింది.

అక్కణ్ణుంచి మాణిక్యం కొత్త కాపురం గోడ క్యాలెండరుతో. ఏ రోజున చెంపకి ఏం తగిలిందో ఆ గడిలో రాసుకునేది, పదకొండు గడుల తర్వాత అది ఇంటికొస్తుంది గనక. 'కిటికీ ఎండ.' 'అన్నం గిన్నె ఆవిరి.' 'పక్కింటి పాప బుగ్గ గిల్లింది.' గొడుగు లేకుండా గడప దాటడం మానేసింది. తడిపిన మెత్తటి గుడ్డ మొహం మీద వేసుకుని మధ్యాహ్నాలు పడుకునేది. ఆ చల్లదనం తెలిసేది పదకొండో నాటికి. ఏడిస్తే కన్నీళ్ళ తడి ఏడ్చినప్పుడు తెలిసేది కాదు. పదకొండు రోజుల తర్వాత, నవ్వుతూ చారు తిరగమోత వేస్తుంటే చెంపల మీద వెచ్చగా దిగేది.

అన్నిటికీ మించింది దోమ. ఒకనాడు కుడి చెంప మీద చుర్రుమంటే ఫెడీమని కొట్టుకుంది.

"చచ్చిందా?" అన్నాడు సోమయాజులు.

"ఎప్పుడో చచ్చుంటుందండీ. ఇది పదకొండు రోజుల కిందటి దోమ."

"ఓర్నీ! దానికి దినవారాలు కూడా అయిపోయాయి, కాటు పోస్టులో వేసి పోయిందన్నమాట!"

తమాషా అక్కడితో ఆగలేదు. ఆ చెంపదెబ్బ పదకొండు రోజులకి వచ్చి తగిలింది. ఉలిక్కిపడి, అలవాటున మళ్ళీ కొట్టుకుంది. అది మరో పదకొండు రోజులకి వచ్చింది. ఒక్క దోమ పుణ్యమా అని మాణిక్యం తనని తను గడువు తప్పకుండా కొట్టుకుంటూ వచ్చింది. "దోమ అమరజీవి!" అని సోమయాజులు పగలబడి నవ్వి, భార్య మొహం చూసి ఆ నవ్వు మధ్యలో మింగేసేవాడు.

భ్రమరాంబగారు మాత్రం మాట తగ్గించింది. వసారాలోంచి ఆ ఎర్రటి మొహం వంక చూసేది, మాల తిప్పేది. ఒకసారి కాబోలు, "నొప్పెడుతోందా?" అంది.

"పదకొండు రోజులాగి చెప్తానత్తయ్యా" అంది మాణిక్యం. ఆవిడ నవ్వలేదు.

పుష్యమాసం వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం మాణిక్యం నిద్ర లేచి పెరట్లోకి వెళ్తే, దండెం మీద అత్తగారి రెండో చీర కూడా నీళ్ళోడుతోంది. "ఏవిటత్తయ్యా, మళ్ళీ స్నానం చేశారా? ఈ చలిలో!"

"చెమట పట్టిందే అమ్మాయ్" అందావిడ తల తుడుచుకుంటూ.

మర్నాటికి రొంప, మూడోనాటికి ఆయాసం. బుధవారం తెల్లవారేసరికి భ్రమరాంబగారు లేదు.

ఇల్లు చుట్టాలతో నిండింది. పరామర్శకి వచ్చిన వాళ్ళు ముందు అత్తగారి ఫొటోకి దండం పెట్టి, తర్వాత కోడలి మొహం చూసి రెండోసారి అయ్యో అనేవారు. ఆరో రోజున, సోమవారం, భానుమూర్తి సంచీలో వంకాయతో వచ్చాడు. మైల ఇంటికి వంకాయ తెచ్చాడేమిటని అందరూ నోళ్ళు నొక్కుకున్నారు.

"అక్కా, దొరికింది! విరుగుడు దొరికింది. ఇది చూడు." నిదానం కాంతి తగిలిన వాటిలో మిగిలిన వంకాయ అది. సంచీలోంచే తీసిన కొత్త దీపం కింద పెట్టాడు. అరగంటలో ఆ వంకాయ తనకి బాకీ ఉన్న వయసంతా ఒక్కసారి తెచ్చుకుని, కళ్ళముందే ముడుచుకుపోయింది. "గడియారం మళ్ళీ నడుస్తుంది. పది రోజుల్లో నీ మొహం నీకొస్తుంది. కానీ వంద రోజుల్లోపే చెయ్యాలి. ఆ తర్వాత చర్మం ఆ నడకకే అలవాటు పడి ఇంక మారదు. ఎల్లుండి బుధవారంతో వంద."

"బాధుంటుందా?"

"ఉండదు. కాకపోతే చర్మంలోంచి బయల్దేరి ఇంకా నిన్ను చేరనివి... దారిలో ఉన్నవి... అవి పోతాయి."

"పోనీరా! దారిలో ఏమున్నాయి, దోమకాటూ చెంపదెబ్బేగా" అని మూడు నెలల తర్వాత మాణిక్యం మొదటిసారి మనసారా నవ్వింది. బుధవారం పొద్దున్నకి ఖాయం చేసుకున్నారు.

ఆ సాయంత్రం చాపల మీద కూర్చుని పోయినావిడ గురించి చెప్పుకుంటుంటే సుభాషిణి నిట్టూర్చింది. "ఎంత నిష్ఠ! మహాతల్లి కోడళ్ళ గాలి కూడా సోకనివ్వకుండానే వెళ్ళిపోయారు."

"లేదే" అన్నాడు సోమయాజులు. "మాణిక్యాన్ని ముట్టుకుంది."

మాణిక్యం తలెత్తింది. "ఎప్పుడండీ?"

"నిన్న కాదు, అంతకుముందు ఆదివారం. నువ్వు హాల్లో చాప మీద పడుకున్నావు. నేను పేపరు చూస్తున్నాను, గడియారం మూడు కొట్టింది. అమ్మ వసారాలోంచి వచ్చింది. నీ మొహం మీద గుడ్డ జారిపోయి ఉంది. వంగి, నీ ఎడమ చెంప మీద చెయ్యి పెట్టింది. ఆనక తిన్నగా పెరట్లోకెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుంది. నీకు తెలుసనుకున్నాను."

"ఎలా పెట్టారు?"

"ఏమో, వీపు నా వైపుంది. కాసేపలా వంగే ఉంది."

"ఊపిరాడుతోందో లేదో చూసుంటార్లే అక్కా" అంది సుభాషిణి.

మాణిక్యానికి దండెం మీద రెండో చీర కనపడింది. పుష్యమాసంలో పట్టిన చెమట కనపడింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ ఆదివారం నుంచి గడులు లెక్కపెట్టింది. పదకొండో గడి గురువారం. మూడూ నలభైకి. భానుమూర్తి చెప్పిన వంద బుధవారంతో సరి.

బుధవారం ఆమె కుర్చీలో కూర్చుంది. నల్లద్దాలు పెట్టుకుంది. కింద కొట్టులో పాకం మరుగుతున్న వాసన వస్తోంది.

"ఒక్క ఎడం చెంప వదిలేసి చెయ్యలేవురా?"

"చీర కాదక్కా, కొంగొక్కటీ పక్కన పెట్టడానికి. మొహమంతా ఒకటే నడక."

"రేపు సాయంత్రం చేస్తే?"

"రేపు చేస్తే కాలుతుంది, మారదు." అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తొమ్మిదేళ్ళక్కా! ఎండలోకి పోలేవు, నలుగుర్లోకి పోలేవు. అసలావిడ ఎందుకు ముట్టుకుందో ఎవరికి తెలుసు? ఈగని తోలిందేమో!"

"అయితే ఈగని తోలినట్టే తెలుస్తుంది" అంది మాణిక్యం.

అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. భానుమూర్తి మొహం చేతుల్లో దాచుకున్నాడు. కాంతిని ఆపగలడు, కాలాన్ని ఆపగలడు, అక్కని ఆపలేకపోయాడు. అతని భుజాలు కదులుతుంటే మాణిక్యం వెనక నుంచి వెళ్ళి వీపు మీద అరచెయ్యి వేసి, పైనుంచి కిందికి నిమిరింది. వంద రోజులు దాటి చాలా కాలమైన వీపు అది. అతనికేమీ తెలియలేదు.

"వీపు నిమిరానురా. పదకొండు రోజులాగు, వస్తుంది" అని చెప్పి మెట్లు దిగింది.

గురువారం మధ్యాహ్నం, ఆ రోజు కర్మకాండ ముగిసి, చుట్టాలు తలో మూలా నడుం వాల్చారు. మాణిక్యం హాల్లో అదే చాప పరుచుకుని, అదే వైపు తిరిగి పడుకుంది. నిద్రలో ఉన్నదాన్ని ముట్టుకున్నారు కదా అని కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ నిదానం మీద పడి ఏడ్చిన మనిషి ఇప్పుడు, గడియారమా కాస్త నిదానించు, నేనింకా సిద్ధంగా లేను అనుకుంది.

మూడూ నలభై అయింది. మొదట వేళ్ళ వెనకవైపు తగిలింది. జ్వరం చూసినట్టు, పాలగిన్నె కాగిందో లేదో చూసినట్టు. వెంటనే తీసేసింది. అయిపోయిందనుకుంది మాణిక్యం. మళ్ళీ వచ్చింది. ఈసారి అరచెయ్యి. ఎండిన తమలపాకులా పలచగా ఉంది, మాల తిప్పీ తిప్పీ బొటనవేలి పక్కన కాయ కాసింది. చెయ్యి సన్నగా వణుకుతోంది. అత్తగారి చెయ్యి వణుకుతుందని ఇరవై ఏడేళ్ళలో మాణిక్యానికి తెలియదు. గ్లాసులన్నీ నేల మీది నుంచే తీసుకుందాయె.

ఆ చెయ్యి తుడవలేదు, గిల్లలేదు, దేన్నీ తోలలేదు. ఊరికే ఉంది. చెంప మంట మీద చల్లగా, ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంది. తర్వాత లేదు.

ఇంకాసేపు ఉంచుకోవాలని మాణిక్యం గబుక్కున తన చెయ్యి తీసుకెళ్ళి అక్కడ కప్పింది. చేతి కింద కాలుతున్న చెంప తగిలింది. చెంపకి మాత్రం ఏమీ తగల్లేదు. ఆలస్యమైపోయింది. అయినా చెయ్యి తియ్యలేదు. తియ్యకుండా అలాగే ఉండగా ఆమెకి దోమ గుర్తొచ్చింది. ఒక్క కాటుకి ఇన్నాళ్ళూ గడువు తప్పకుండా తిరిగొచ్చిన దెబ్బ గుర్తొచ్చింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, పదకొండో గడిలో రాసుకుంది: 'ఎడమ చెంప. నాలుగూ ఇరవై.'

కర్మలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఎరుపు ఎక్కడికీ వెళ్ళలేదు. గడిలో రాసుకున్న ఆ రోజున సోమయాజులు కాఫీ తాగుతుంటే, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మాణిక్యం చేతులు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంది. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"మళ్ళీ దోమేనా?" అన్నాడు.

"కాదండీ, అత్తయ్యగారు" అంది మాణిక్యం. చేతులు కొంగుకి తుడుచుకుని, ఎడమ చెంప మీద అరచెయ్యి ఆనించి, ఇరవై దాకా లెక్కపెట్టడం మొదలెట్టింది.